సెలూన్, రెస్టారెంట్ లైసెన్సులపై స్థానిక కౌన్సిల్ నిర్ణయాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

అడ్వాన్స్ కట్టేసి, అద్దాలు కుర్చీలు బిగించేసి, తెరిచే తేదీ కూడా అనుకున్నాక "లైసెన్సు ఇంకా రాలేదు" అనే మాట వింటే ఎవరికైనా టెన్షనే. అదే భవనంలో పై అంతస్తులో ఉండే కుటుంబానిది ఇంకో టెన్షన్: అర్ధరాత్రి దాకా ఫ్యాన్ మోత, వంట పొగ భరించాలా అని. ఈ ఇద్దరూ వచ్చి నిలబడేది ఒకే కౌన్సిల్ ముందు. అందుకే ఈ జవాబులు ఇద్దరి కోసమూ రాశాం. చట్టాలు దేశానికో రకంగా, ఒక్కోసారి ఊరికో రకంగా ఉంటాయి కాబట్టి మీ దగ్గరి నిబంధనల ప్రతిని పక్కన పెట్టుకుని చదవండి. అయితే ఒక నిర్ణయం న్యాయంగా జరిగిందా లేదా అని చూడటానికి అడగాల్సినవి ఎక్కడైనా ఇవే: కారణం చెప్పారా? దాన్ని రాసి ఇచ్చారా? అవతలి వాళ్ల మాట విన్నాకే నిర్ణయించారా?

జుట్టు కత్తిరించడానికి, అన్నం వండి పెట్టడానికి కౌన్సిల్ అనుమతి ఎందుకు?

మనకు కనిపించని ప్రమాదాన్ని మన తరఫున ఎవరో ఒకరు చూడాలి కాబట్టి. సెలూన్ కుర్చీలో కూర్చున్న మనిషి బ్లేడు కొత్తదో కాదో అడగగలడేమో కానీ, కాళ్లు పెట్టిన తొట్టి లోపలి ఫిల్టర్‌ను విప్పి చూడలేడు. 2000 సంవత్సరంలో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, వాట్సన్‌విల్ పట్టణంలో ఒకే నెయిల్ సెలూన్‌కు వెళ్లిన వంద మందికి పైగా కస్టమర్ల కాళ్ల మీద మానని పుండ్లు లేచాయి. పాదాలు నానబెట్టే తొట్ల ఫిల్టర్ల వెనక పేరుకుపోయిన వెంట్రుకలు, చర్మపు పొలుసుల్లో ఒక రకం బాక్టీరియా పెరిగిందని తేలింది. ఆ తర్వాతే ఆ తొట్లను ఎలా, ఎప్పుడు కడగాలో ఆ రాష్ట్రం నిబంధనలు రాసింది.

హోటళ్ల విషయంలో నిప్పు భయం కూడా ఉంది. 1942 నవంబర్ 28 రాత్రి బోస్టన్‌లోని కోకోనట్ గ్రోవ్ అనే నైట్ క్లబ్బులో మంటలు లేచి 492 మంది చనిపోయారు. ముందున్న గుండ్రంగా తిరిగే తలుపు జనం తోపులాటకు ఇరుక్కుపోయింది. మిగతా తలుపుల్లో కొన్ని తాళం వేసి ఉన్నాయి, కొన్ని లోపలికి తెరుచుకునేవి. జనం నెట్టుకుంటూ వచ్చేటప్పుడు లోపలికి తెరుచుకునే తలుపు తెరుచుకోదు. ఈరోజు ఇన్‌స్పెక్టర్ వచ్చి "ఈ తలుపు బయటికి తెరుచుకోవాలి" అంటే మనకు చాదస్తంగా అనిపించవచ్చు. కానీ ఆ నియమం వెనక అన్ని ప్రాణాలున్నాయి.

లైసెన్సు, రిజిస్ట్రేషన్, భవన అనుమతి అన్నీ ఒకటేనా?

కావు. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఆ స్థలాన్ని వ్యాపారానికి వాడుకోవచ్చా లేదా అన్నది భూవినియోగానికి, భవనానికి సంబంధించిన అనుమతి. ఆ స్థలంలో ఫలానా వ్యాపారం ఫలానా షరతులతో నడపవచ్చనేది లైసెన్సు. రిజిస్ట్రేషన్ అంటే చాలాచోట్ల "మేము ఇక్కడ ఉన్నాం, వచ్చి తనిఖీ చేసుకోండి" అని తెలియజేయడమే. పత్రాలు సరిగా ఉంటే సాధారణంగా దాన్ని కాదనరు. వీటికి తోడు అగ్నిమాపక శాఖ, ఆరోగ్య శాఖల నుంచి నిరభ్యంతర పత్రాలు. మద్యం, సంగీతం, ఫుట్‌పాత్ మీద కుర్చీలు వంటివాటికి మళ్లీ వేరే అనుమతులు.

ఒకటి ఉంటే మిగతావి వచ్చేసినట్టు కాదు. భవన అనుమతి చేతిలో ఉంది కదా అని లైసెన్సు కమిటీ ముందు ధీమాగా నిలబడితే లాభం లేదు. అక్కడ అడిగే ప్రశ్నలే వేరు.

మనిషికి ఇచ్చే లైసెన్సు, దుకాణానికి ఇచ్చే లైసెన్సు కూడా వేర్వేరు. అమెరికాలో జుట్టు కత్తిరించే వ్యక్తికి లైసెన్సు ఇచ్చేది రాష్ట్ర స్థాయి బోర్డులు. స్థానిక ప్రభుత్వం చూసేది దుకాణం వ్యవహారం. ఇంగ్లండ్‌లో జుట్టు కత్తిరించడానికి దేశమంతటికీ వర్తించే తప్పనిసరి లైసెన్సు లేదు. పచ్చబొట్లు, చెవులు కుట్టడం, ఆక్యుపంక్చర్ వంటి చర్మాన్ని గుచ్చే పనులకు మాత్రం, 1982 నాటి చట్టాన్ని కౌన్సిల్ అమల్లోకి తెచ్చుకున్న చోట, రిజిస్టర్ చేయించుకోవాలి. కాబట్టి మీ సెలూన్‌లో కత్తెర పని ఒక్కటే ఉంటుందా, ఇంకేమైనా చేస్తారా అన్నది దరఖాస్తులో స్పష్టంగా రాయండి.

అసలు నిర్ణయం ఎవరిది? కౌన్సిలర్లదా, అధికారులదా?

చాలా దరఖాస్తులు కౌన్సిల్ సమావేశం దాకా రానే రావు. ఎవరూ అభ్యంతరం చెప్పని మామూలు దరఖాస్తును అధికారే మంజూరు చేసేలా కౌన్సిల్ తన అధికారాన్ని ముందే అప్పగించి ఉంచుతుంది. అభ్యంతరం వచ్చినవి, పాత రికార్డు బాగాలేనివి, అర్ధరాత్రి దాటి నడుపుతామనేవి లైసెన్సింగ్ కమిటీ ముందుకు వస్తాయి. కౌన్సిల్ మొత్తం కూర్చునేది ఎక్కువగా విధానం ఖరారు చేయడానికి: ఏ ప్రాంతంలో ఎన్ని గంటల వరకు, ఏ వ్యాపారానికి ఏ ప్రమాణాలు అని.

మీ ఫైలు ఎవరి బల్ల మీద ఉందో మొదట తెలుసుకోండి. అధికారి చేతిలో ఉన్న ఫైలు కోసం కౌన్సిలర్ల చుట్టూ తిరగడం, కమిటీకి వెళ్లిన ఫైలు కోసం గుమస్తాను పట్టుకోవడం, రెండూ వృథా ప్రయాసే. "ఈ నిర్ణయం తీసుకునే అధికారం ఎవరిది, అది ఏ తీర్మానం కింద వారికి వచ్చింది?" అని రాతపూర్వకంగా అడగండి. అది అమర్యాద కాదు. అధికారం లేని వ్యక్తి సంతకం చేసిన లైసెన్సు రేపు మీకే ముప్పు.

సెలూన్ తనిఖీకి వచ్చినప్పుడు ఏం చూస్తారు?

గోడలకు వేసిన రంగు కంటే పనిముట్లను ఎక్కువగా చూస్తారు, చూడాలి కూడా. హెపటైటిస్ బి వైరస్ ఎండిపోయిన రక్తంలో, శరీరం బయట కనీసం 7 రోజులు బతికి ఉండగలదు. కంటికి కనిపించనంత చిన్న రక్తపు మరక చాలు. అందుకే గడ్డం గీసే బ్లేడు ఒక మనిషికి ఒక్కసారే వాడాలి. వాడిన బ్లేడ్లు పడేయడానికి గుచ్చుకుపోని గట్టి డబ్బా ఉండాలి. చర్మాన్ని గుచ్చే సూదులు ఒకసారి వాడి పారేసేవై ఉండాలి.

మళ్లీ వాడే పనిముట్ల విషయంలో రెండు అపోహలు గట్టిగా పాతుకుపోయాయి. మొదటిది, వేడినీళ్లలో ముంచి తీస్తే సరిపోతుందని. సరిపోదు. మరిగే నీళ్లకు కూడా కొన్ని బాక్టీరియా బీజాలు చావవు. పూర్తి స్టెరిలైజేషన్ కావాలంటే ఆటోక్లేవ్ అనే యంత్రంలో ఒత్తిడితో కూడిన ఆవిరి 121 డిగ్రీల సెల్సియస్ దగ్గర కనీసం 15 నిమిషాలు, లేదా 134 డిగ్రీల దగ్గర కనీసం 3 నిమిషాలు నిలవాలి. రెండోది, నీలి కాంతి వెలిగే అల్ట్రావయొలెట్ పెట్టెలో పెడితే అన్నీ శుభ్రమైపోతాయని. ఆ కాంతి తగిలిన పైభాగం మీదే పనిచేస్తుంది. కత్తెర మడతలోకి, దువ్వెన పళ్ల మధ్యలోకి పోదు. శుభ్రం చేసిన పనిముట్లను దాచుకోవడానికి ఆ పెట్టె పనికొస్తుంది. శుభ్రం చేసే పని మాత్రం దానిది కాదు. మామూలు దువ్వెనలు, కత్తెరలకు ముందు సబ్బు నీళ్లతో కడిగి, తర్వాత క్రిమిసంహారక ద్రావణంలో డబ్బా మీద రాసినంత సేపు ఉంచితే చాలు. కడగకుండా నేరుగా ద్రావణంలో వేస్తే మురికి కింద ఉన్నది అలాగే మిగిలిపోతుంది.

నెయిల్ పని ఉంటే గాలి కూడా చూస్తారు. గోళ్ల ద్రావణాల ఆవిర్లు రోజంతా పీల్చేది కస్టమర్ కాదు, అక్కడ పనిచేసే అమ్మాయి. గాలి బయటికి లాగే ఏర్పాటు ఏమిటో మీ ప్లాన్‌లో గీసి చూపించండి. మనసులో మాట చెప్పాలంటే, లైసెన్సు షరతుల్లో అన్నిటికంటే తక్కువ పట్టించుకునేది ఇదే. కౌన్సిళ్లు ఇంకా గట్టిగా అడగాల్సింది కూడా ఇదే.

రెస్టారెంట్‌కైతే?

ఆహారం, నిప్పు, మురుగు, మోత. ఆహారం విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే అంకెలు గుర్తుంచుకోవడం తేలిక: వండినది లోపలి దాకా 70 డిగ్రీల వేడి తగలాలి, వడ్డించే దాకా 60 డిగ్రీలకు పైన ఉండాలి, దాచేది 5 డిగ్రీల కంటే చల్లగా ఉండాలి, వండినది మామూలు గది వేడిలో రెండు గంటలకు మించి ఉండకూడదు. ఇన్‌స్పెక్టర్ ఫ్రిజ్ తలుపు తీసినప్పుడు పచ్చి మాంసం పైఅరలో, వండిన పదార్థం కిందఅరలో కనిపించిందంటే మిగతా వంటగదిని కూడా అనుమానంగానే చూస్తాడు. చేతులు కడుక్కునే సింకు విడిగా ఉందా, దాని దగ్గర సబ్బు ఉందా అన్నది చిన్న విషయంలా కనిపించినా ఎక్కువ చోట్ల దొరికిపోయేది అక్కడే.

నిప్పు విషయంలో అసలు ప్రమాదం పొయ్యి దగ్గర కాదు, పొయ్యి పైన పొగ గొట్టంలో ఉంటుంది. అందులో పేరుకున్న జిడ్డు ఒకసారి అంటుకుంటే మంట గొట్టం వెంట పై అంతస్తుల దాకా పాకుతుంది. ఫిల్టర్లు ఎప్పుడు కడిగారు, గొట్టం ఎప్పుడు శుభ్రం చేయించారు అన్న రసీదులు ఒక ఫైలులో పెట్టుకోండి. మురుగులోకి జిడ్డు పోకుండా ఆపే గ్రీజ్ ట్రాప్ ఎంత పెద్దది, ఎన్నాళ్లకోసారి ఖాళీ చేస్తారు అని కూడా అడుగుతారు. వీధంతా మురుగు పొంగితే నష్టం మీ ఒక్కరిదే కాదు కదా.

మోత గురించి దరఖాస్తుదారులు ముందుగా ఆలోచించరు. అభ్యంతరాల్లో ముందు వచ్చేది మాత్రం అదే. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఎవరి కిటికీ వైపు ఉంది? సరుకుల బండి తెల్లవారుజామున ఎన్ని గంటలకు వస్తుంది? గాజు సీసాలు చెత్తలో పోసేది ఎప్పుడు? వీటికి దరఖాస్తులోనే జవాబు రాస్తే సగం గొడవ అప్పుడే తీరిపోతుంది.

పొరుగువాళ్లు అభ్యంతరం చెబితే లైసెన్సు ఆగిపోతుందా?

దానంతట అది ఆగిపోదు. అభ్యంతరం వచ్చిందంటే ఆ విషయం విచారించి నిర్ణయించాలి, అంతవరకే. ఎన్ని సంతకాలు వచ్చాయన్నదానికంటే చట్టం ఒప్పుకునే కారణం ఉందా అన్నది ముఖ్యం. ఉదాహరణకు ఇంగ్లండ్, వేల్స్‌లలో మద్యం, వినోదం, రాత్రి పొద్దుపోయాక వేడి ఆహారం అమ్మే చోట్లకు 2003 నాటి లైసెన్సింగ్ చట్టం వర్తిస్తుంది. నేరాల నివారణ, ప్రజల భద్రత, ఇరుగుపొరుగుకు ఇబ్బంది లేకుండా చూడటం, పిల్లలకు హాని జరగకుండా కాపాడటం, ఈ నాలుగింటిలో ఏదో ఒకదానికి సంబంధించిన అభ్యంతరమే అక్కడ చెల్లుతుంది. కొత్త దరఖాస్తు మీద అభిప్రాయం చెప్పడానికి 28 రోజులు ఇస్తారు.

మా వీధిలో ఇప్పటికే చాలా సెలూన్లు ఉన్నాయి. ఇంకొకటి వద్దని కౌన్సిల్ అనవచ్చా?

పాత సెలూన్ల యజమానులు చాలామంది అడిగే ప్రశ్న ఇది, వారి బాధ నిజమైనదే. అద్దె పెరుగుతుంటే కస్టమర్లు పంచుకుపోతే కడుపు మండుతుంది. అయినా చాలా చట్టాల్లో లైసెన్సు ఉన్నది ప్రజల ఆరోగ్యం, భద్రత కోసం, ఉన్న వ్యాపారానికి పోటీ రాకుండా కాపాడటానికి కాదు. యూరోపియన్ యూనియన్ 2006లో తెచ్చిన సేవల డైరెక్టివ్ దీన్ని సూటిగా రాసింది: ఆ చట్టం వర్తించే సేవల్లో, మార్కెట్‌కు అవసరం ఉందని రుజువు చేస్తేనే అనుమతి అనే షరతు పెట్టకూడదు, పోటీ వ్యాపారులను అనుమతి నిర్ణయంలో కూర్చోబెట్టకూడదు. వీధి ఇరుకు, పార్కింగ్, రాత్రి జనం గుంపులు పెరగడం వంటి ప్రభావాలను లెక్కలోకి తీసుకోవడం వేరు. వాటిని చూడవచ్చు, చూడాలి. "మా గిరాకీ పోతుంది" అన్నది మాత్రం కమిటీ వినాల్సిన కారణం కాదు. ఈ విషయంలో కౌన్సిళ్లు మెత్తబడకూడదని మేము గట్టిగా అనుకుంటాం. ఎందుకంటే ఇవాళ పాతవాళ్లను కాపాడిన నియమమే రేపు వాళ్ల దగ్గర పని నేర్చుకున్న కుర్రవాడి సొంత దుకాణానికి అడ్డుపడుతుంది.

నేను పక్కింటి మనిషిని. అభ్యంతరం ఎలా రాస్తే పట్టించుకుంటారు?

కోపం తగ్గించి వివరం పెంచండి. "చాలా ఇబ్బందిగా ఉంది" అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. ఏ తేదీ, ఎన్ని గంటలకు, ఏం జరిగింది, మీ ఇంట్లో ఏ గదిలోకి మోత వచ్చింది, ఎంతసేపు అని రాసిన రెండు వారాల డైరీ ముందు కమిటీ కచ్చితంగా ఆగి ఆలోచిస్తుంది. దుకాణం ఇంకా తెరవకపోతే వాళ్ల ప్లాన్ చూసి, ఏది ఎందుకు ఇబ్బందో చెప్పండి. లైసెన్సు మొత్తమే వద్దంటారా, ఏదైనా షరతు పెడితే ఒప్పుకుంటారా అన్నది కూడా రాయండి. "రాత్రి పది తర్వాత వెనక తలుపు మూసి ఉంచాలి" లాంటి సూచన ఒక్కటి చాలాసార్లు పది పేజీల ఫిర్యాదు సాధించలేనిది సాధిస్తుంది.

మీ పేరు దరఖాస్తుదారుకు తెలుస్తుందని భయపడేవాళ్లున్నారు. సాధారణంగా తెలుస్తుంది. తన మీద ఎవరు ఏమన్నారో తెలియకుండా అవతలి మనిషి జవాబు చెప్పుకోలేడు కాబట్టి అది న్యాయమే. నిజంగా బెదిరింపు భయం ఉంటే ఆ సంగతి ముందే అధికారికి చెప్పండి.

కమిటీ సమావేశంలో మాట్లాడనిస్తారా?

దరఖాస్తుదారుకు, గడువులోగా అభ్యంతరం రాసినవారికి చాలాచోట్ల మాట్లాడే హక్కు ఉంటుంది. కొద్ది నిమిషాలే ఇస్తారు. కాబట్టి చదువుకున్నదంతా చెప్పాలని చూడకండి. అధికారి తయారుచేసిన నివేదిక సమావేశానికి ముందే బయటికి వస్తుంది. దాన్ని తెచ్చుకుని చదవడమే అసలు తయారీ. అందులో తప్పు ఉంటే పేరా నంబరుతో సహా చెప్పండి. కొత్త పత్రాలు ఆ రోజు అక్కడికక్కడ బయటికి తీస్తే అవతలి పక్షం ఒప్పుకుంటే తప్ప చూడకపోవచ్చు.

ముందే కౌన్సిలర్‌ను కలిసి చెప్పుకోవచ్చా?

మీ వార్డు కౌన్సిలర్‌కు సమస్య చెప్పుకోవడంలో తప్పు లేదు, ఆయన పనే అది. కానీ మీ దరఖాస్తు మీద ఓటు వేయబోయే కమిటీ సభ్యుడిని ఒంటరిగా కలిసి మాట తీసుకోవాలని చూడకండి. విచారణ జరగకముందే "నీకు ఇప్పిస్తాను, నాది పూచీ" అన్న సభ్యుడు ఓటు వేస్తే ఆ నిర్ణయాన్ని అవతలివాళ్లు కోర్టులో కొట్టేయించగలరు. చివరికి నష్టపోయేది మీరు. అలాగే దుకాణం ఉన్న భవనం సొంతదారో, దగ్గరి బంధువో, పోటీ వ్యాపారో కమిటీలో ఉంటే ఆ సంగతి బయటపెట్టి ఆ అంశం జరిగేంతసేపు బయటికి వెళ్లాలి.

చేతులు తడపమని అడిగితే?

ఇవ్వకండి. "ఏ ఫీజు, ఏ నిబంధన కింద, రసీదు ఇస్తారా?" అన్న మూడు మాటలు రాతపూర్వకంగా అడగండి. తర్వాత మీ దేశంలోని అవినీతి నిరోధక విభాగానికి చెప్పండి. చెప్పినంత తేలిక కాదని తెలుసు, అద్దె నెలనెలా పెరిగిపోతుంటే ఓపిక పట్టడం కష్టం. కానీ డబ్బుతో వచ్చిన లైసెన్సు ఉన్నంతకాలం ఇచ్చిన మనిషి గుప్పిట్లోనే మీ వ్యాపారం ఉంటుంది.

ఎలాంటి షరతులైనా పెట్టవచ్చా?

చట్టం ఉద్దేశానికి సంబంధం ఉండాలి, అమలు చేయడానికి వీలుండాలి, చదివితే అర్థం కావాలి. "శబ్దం ఎక్కువ రాకూడదు" అన్న షరతు ఎవరికీ పనికిరాదు. ఎక్కువ అంటే ఎంత? "రాత్రి 11 తర్వాత బయట సంగీతం ఉండకూడదు" అంటే దుకాణదారుకూ తెలుస్తుంది, పొరుగింటికీ తెలుస్తుంది.

షరతులపై కోర్టులు ఎంతవరకు జోక్యం చేసుకుంటాయనడానికి ప్రసిద్ధమైన ఉదాహరణ ఇంగ్లండ్‌లోని వెడ్నెస్‌బరీ పట్టణానిది. ఆదివారాలు 15 ఏళ్లలోపు పిల్లలను పెద్దవాళ్లతో వచ్చినా లోపలికి రానివ్వకూడదని అక్కడి స్థానిక సంస్థ ఒక సినిమా హాలుకు షరతు పెట్టింది. హాలు యజమానులు కోర్టుకెళ్లారు. 1947లో అప్పీలు కోర్టు షరతును కొట్టేయలేదు. సంబంధం లేని విషయాలు చూసినా, చూడాల్సినవి వదిలేసినా, బుద్ధి ఉన్న ఏ సంస్థా తీసుకోలేనంత అసంబద్ధంగా ఉన్నా తప్ప తాము కల్పించుకోమంది. ఈ కొలమానం ఇప్పటికీ చాలా దేశాల కోర్టుల్లో వినిపిస్తుంది. అంటే షరతు మీకు నచ్చకపోవడం సరిపోదు. కాబట్టి కోర్టు కంటే ముందు కమిటీ దగ్గరే షరతు మాటల గురించి పోరాడండి. ముసాయిదా షరతుల ప్రతి అడిగి, ఒక్కో మాటా చదివి, పాటించలేనిది ఉంటే అప్పుడే చెప్పండి.

తిరస్కరించారు. ఇప్పుడేం చేయాలి?

ముందు కారణాలు రాతపూర్వకంగా తీసుకోండి. ఫోన్‌లో చెప్పింది, కౌంటర్ దగ్గర అన్నది లెక్కలోకి రావు. ఆ కాగితం తేదీ చూడండి, ఎందుకంటే అప్పీలు గడువు చాలా తక్కువగా ఉంటుంది. పైన చెప్పిన ఇంగ్లండ్, వేల్స్‌ల 2003 నాటి లైసెన్సింగ్ చట్టంలో అయితే నిర్ణయం తెలియజేసిన నాటి నుంచి 21 రోజుల్లో మేజిస్ట్రేట్ కోర్టుకు వెళ్లాలి. గడువు దాటితే ఎంత న్యాయమైన వాదనా చెల్లదు.

తర్వాత కారణాలను విడదీయండి. సరిచేయగలిగినవి ఏవి? వెంటిలేషన్ చాలదన్నారంటే అప్పీలుకు ఖర్చుపెట్టే బదులు వెంటిలేషన్ పెట్టించి మళ్లీ దరఖాస్తు చేయడం చాలాసార్లు తొందరగా తేలే దారి. చూడకూడని కారణం చూశారా, మీకు చూపించని నివేదిక మీద ఆధారపడ్డారా, మీ జవాబు వినలేదా? అప్పుడు అప్పీలు చేయండి.

కారణాలు రాయడం కౌన్సిల్‌కూ మంచిదే. లండన్‌లోని ఒక పబ్బు బయట తాగుతూ నిలబడే జనం మోత మీద వచ్చిన వివాదంలో 2011లో ఇంగ్లండ్ అప్పీలు కోర్టు ఇదే చెప్పింది: లైసెన్సింగ్ కమిటీ ఇచ్చిన కారణాలు ఎంత నిండుగా, స్పష్టంగా ఉంటే అప్పీలులో వాటికి అంత విలువ. ఒక్క వాక్యంలో "తిరస్కరించడమైనది" అని ముగించే కమిటీ తన నిర్ణయాన్ని తానే బలహీనం చేసుకుంటుంది.

అందరికీ ఇచ్చి మాకు మాత్రమే ఇవ్వలేదు. రుజువు చేయడం సాధ్యమా?

సాధ్యమే. 1880లో శాన్‌ఫ్రాన్సిస్కో నగర పాలకులు ఒక నిబంధన చేశారు: ఇటుక, రాతి కట్టడాల్లో కాకుండా ఎక్కడ లాండ్రీ నడపాలన్నా తమ అనుమతి కావాలని. నిప్పు భయం కోసమని చెప్పారు. చదివితే అందులో ఏ జాతి పేరూ లేదు. అమలులో మాత్రం దరఖాస్తు పెట్టిన దాదాపు 200 మంది చైనీయులందరికీ లేదన్నారు. ఇతరులకు, ఒక్కరికి తప్ప, అందరికీ ఇచ్చారు. యిక్ వో లాండ్రీ నడిపే ఆయన అదే కట్టడంలో 22 ఏళ్లుగా పనిచేస్తున్నాడు. అగ్నిమాపక, ఆరోగ్య తనిఖీల్లో బాగుందన్న పత్రాలు కూడా ఉన్నాయి. 1886లో అమెరికా సుప్రీం కోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పింది. చట్టం రాతలో సమానంగా ఉన్నా, దాన్ని అమలు చేసే చేతులు వివక్ష చూపిస్తే అది చెల్లదని.

ఆ కేసు గెలిచింది అంకెల వల్ల. ఎవరికి ఇచ్చారు, ఎవరికి ఇవ్వలేదు, వాళ్ల దుకాణాలు ఏ రకం కట్టడాల్లో ఉన్నాయి అన్న వివరం వల్ల. మీకూ అలాంటి అనుమానం ఉంటే ఆవేశపడటంతో ఆగకండి. గత రెండు మూడేళ్లలో మీలాంటి దరఖాస్తులపై వచ్చిన నిర్ణయాల కాపీలు, సమావేశాల మినిట్స్, సమాచారం అడిగే చట్టం ఉంటే దాని కింద తీసుకుని పక్కపక్కన పెట్టి చూడండి.

అసలు జవాబే ఇవ్వకుండా నెలల తరబడి నాన్చితే?

మీ నిబంధనల్లో గడువు ఉందేమో, గడువు దాటితే ఏమవుతుందో చూడండి. కొన్ని చట్టాల్లో మౌనాన్ని అంగీకారంగా లెక్కిస్తారు. పైన చెప్పిన యూరోపియన్ డైరెక్టివ్‌లో సాధారణ నియమం అదే, ప్రజా ప్రయోజనం లాంటి కారణంతో వేరే ఏర్పాటు చేసుకోవచ్చు. ఇంకొన్నిచోట్ల మౌనమంటే తిరస్కరణ కిందే లెక్క, అప్పుడు అప్పీలు గడువు మొదలైపోతుంది. ఈ రెండింటికీ హస్తిమశకాంతరం తేడా. కాబట్టి ఊహించుకోకండి. దరఖాస్తు పూర్తిగా అందిందన్న రసీదు తీసుకోవడం అన్నిటికంటే ముఖ్యం, చాలాచోట్ల గడువు లెక్క దాని తేదీ నుంచే మొదలవుతుంది.

ముందు తెరిచేసి తర్వాత లైసెన్సు తీసుకోవచ్చా?

వద్దు. జరిమానా సంగతి అలా ఉంచండి. లైసెన్సు లేని కాలంలో ఏదైనా ప్రమాదం జరిగితే బీమా కంపెనీ మొదట అడిగే కాగితం అదే.

యజమాని మారితే పాత లైసెన్సు చెల్లుతుందా? రెన్యువల్ మరిచిపోతే?

కొన్ని లైసెన్సులు బదిలీ అవుతాయి, కొన్ని అమ్మిన రోజే ముగిసిపోతాయి. దుకాణం కొనే ముందు అసలు కాగితం, దాని మీదున్న షరతులు, పాత నోటీసులు చూడందే అడ్వాన్స్ ఇవ్వకండి. "లైసెన్సుతో సహా" అన్న ప్రకటనను నమ్మకండి.

రెన్యువల్‌ను లాంఛనంగా చూడకండి, కౌన్సిళ్లు కూడా చూడకూడదు. 2013 జనవరి 27న బ్రెజిల్‌లోని శాంటా మరియా నగరంలో కిస్ నైట్ క్లబ్బు కాలిపోయి 242 మంది చనిపోయారు. ఆ క్లబ్బు అగ్నిమాపక అనుమతి గడువు అంతకు నెలల ముందే, 2012 ఆగస్టులో ముగిసింది. లోపల మంటలంటుకునే ఫోమ్, బయటపడటానికి ఒకే దారి. గడువు ముగిసిన రోజే ఎవరైనా వచ్చి చూసి ఉంటే అని తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

లైసెన్సు రద్దు చేసే ముందు మా మాట వినాలా?

వినాలి. వినమని చట్టంలో రాసి లేకపోయినా వినాలన్న సూత్రం చాలా పాతది. ఇంగ్లండ్‌లోని వాండ్స్‌వర్త్ స్థానిక బోర్డు, కట్టడం మొదలుపెడుతున్నట్టు ముందుగా తనకు తెలియజేయలేదన్న కారణంతో, కడుతున్న ఒక ఇంటిని యజమానికి మాట కూడా చెప్పకుండా కూల్చేసింది. కూల్చే అధికారం బోర్డుకు ఉంది. అయినా యజమాని చెప్పుకునేది వినకుండా కూల్చడం చెల్లదని 1863లో కోర్టు తీర్పిచ్చింది. లైసెన్సు మీద బతుకుతున్న దుకాణానికీ ఇదే వర్తిస్తుంది: ఆరోపణ ఏమిటో నోటీసులో ఉండాలి, జవాబుకు తగిన సమయం ఉండాలి.

ఒక మినహాయింపు ఉంది. తినేవాళ్లకు, కూర్చున్నవాళ్లకు అప్పటికప్పుడు ప్రమాదం ఉంటే ముందు మూయించి తర్వాత వినవచ్చు. మురుగునీరు వంటగదిలోకి పొంగుతుంటే వారం గడువు ఇవ్వడం ఎవరికీ మంచిది కాదు. అలా మూసినప్పుడు ఏమి సరిచేస్తే తెరవనిస్తారో అదే రోజు రాసి ఇమ్మని అడగండి, సరిచేయగానే మళ్లీ తనిఖీకి రాతపూర్వకంగా కోరండి.

ఫీజు ఎంత ఉండాలనేదానికి హద్దు ఉందా?

చాలాచోట్ల సూత్రం ఒకటే: దరఖాస్తు పరిశీలనకు అయ్యే ఖర్చు రాబట్టుకోవచ్చు, ఖజానా నింపుకోవడానికి వాడకూడదు. ఫీజు ఎలా లెక్కించారో అడిగే హక్కు మీకుంది.

ఇంట్లోనే ఒక గదిలో సెలూన్ నడిపితే, ఇంటి వంట అమ్మితే కూడా లైసెన్సు కావాలా?

చాలాసార్లు ఏదో ఒక అనుమతి కావాలి, కనీసం రిజిస్ట్రేషన్. స్థలం చిన్నదైనంత మాత్రాన బ్లేడు, కత్తి ప్రమాదం చిన్నదవదు. అయితే ఇంటి గదిలో ఒక్క కుర్చీతో బతుకు వెళ్లదీసుకునే మనిషికి, ఇరవై కుర్చీల పార్లర్‌కు ఒకే దరఖాస్తు, ఒకే ఫీజు పెట్టే కౌన్సిల్ ఆలోచన మార్చుకోవాలని మా అభిప్రాయం. శుభ్రత ప్రమాణం ఇద్దరికీ ఒకటే ఉండనివ్వండి, కాగితాల భారం మాత్రం తగ్గించండి. అద్దె ఇల్లయితే యజమాని ఒప్పందం కూడా చూసుకోండి, అందులో వ్యాపారం వద్దని ఉంటే కౌన్సిల్ ఇచ్చినా లాభం లేదు.

తనిఖీ గ్రేడు తలుపు మీద అంటించాలా?

ఊరిని బట్టి. లాస్ ఏంజెలస్ కౌంటీ 1998 నుంచి, న్యూయార్క్ నగరం 2010 నుంచి రెస్టారెంట్లకు అక్షరాల గ్రేడులు ఇచ్చి తలుపు దగ్గర పెట్టిస్తున్నాయి. వేల్స్‌లో 2013 నుంచి ఆహార శుభ్రత రేటింగ్ చూపించడం తప్పనిసరి, ఇంగ్లండ్‌లో ఇష్టముంటేనే. మీ దగ్గర తప్పనిసరి కాకపోయినా మంచి గ్రేడు వస్తే పెట్టుకోండి. తక్కువ వస్తే తప్పులు సరిదిద్ది మళ్లీ తనిఖీకి దరఖాస్తు చేయండి, దానికి విడిగా ఫీజు ఉండవచ్చు. గ్రేడు మీద అభ్యంతరం ఉంటే తనిఖీ నివేదికలో ఏ అంశానికి ఎన్ని మార్కులు తగ్గాయో చూపిస్తూ గడువులోగా రాయండి.